రెక్క లేవని రోజులు: భుజం గాయాలు, చికిత్సలు

భుజం నొప్పి చాలామందికి మొదట ఇంట్లోనే బయటపడుతుంది. జడ వేసుకోబోతే చెయ్యి తల వెనక్కి పోదు. చొక్కా తొడుక్కోబోతే ప్రాణం విలవిల్లాడుతుంది. అటక మీది డబ్బా అందదు, బస్సులో పైకడ్డీ పట్టుకోలేరు, వీపు రుద్దుకోలేరు. రాత్రి నిద్రలో ఆ పక్కకు ఒత్తిగిలితే చాలు, ఇక తెల్లారేదాకా కూర్చోవడమే. తెలుగువాళ్లు చేతిని రెక్క అంటారు. రెక్కాడితే గాని డొక్కాడదన్న సామెతలో రెక్క ఆడేది ఈ కీలు దగ్గరే. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు మోసే హమాలీకి, తాడెక్కే గీత కార్మికుడికి, గోడలకు రంగులేసే మనిషికి, రోజంతా బోర్డు మీద రాసే పంతులుగారికి ఈ కీలు మొరాయించిందంటే ఇల్లు గడవడమే కష్టమవుతుంది.

అరడజనుకు పైగా వేర్వేరు బాధలు ఈ ఒక్క పేరు కింద దాక్కుంటాయి. గూడ జారవచ్చు, కండరపు నార చిరగవచ్చు, కీలు బిగుసుకుపోవచ్చు, ఎముక విరగవచ్చు, నారలో సున్నం పేరుకోవచ్చు, కీలు అరిగిపోవచ్చు. ఒకదానికి మేలు చేసే చికిత్స ఇంకొకదానికి చేటు చేస్తుంది. జారిన గూడకు కొన్నాళ్ల విశ్రాంతి మందు, బిగుసుకున్న భుజానికి అదే విశ్రాంతి విషం. అందుకే ముందుగా తేల్చుకోవలసింది నొప్పి పేరు. తైలాలు, బెల్టులు, ఇంజెక్షన్ల సంగతి ఆ తర్వాతే.

లోతు లేని రోలు

తెలుగు మాధ్యమంలో జంతుశాస్త్రం చదివినవాళ్లకు ‘అంస ఉలూఖలం’ అన్న మాట గుర్తుండే ఉంటుంది. అంసం అంటే భుజం, ఉలూఖలం అంటే రోలు. చేతి ఎముక గుండ్రటి తల వచ్చి కూర్చునే గుంట అది. సుశ్రుత సంహిత కూడా కీళ్లను వర్గీకరిస్తూ చంక దగ్గరి కీలును ఉలూఖల సంధుల్లోనే చేర్చింది. పేరు బాగానే కుదిరింది గానీ ఈ రోలుకు లోతు లేదు. తుంటి కీలులో తొడ ఎముక తల గుంటలోకి లోతుగా దిగి కూర్చుంటుంది. భుజంలో ఉన్నది సాసరులాంటి చిన్న పళ్లెం. ఏ క్షణంలో చూసినా చేతి ఎముక తలలో పావు వంతో, మూడో వంతో మాత్రమే దాన్ని తాకుతూ ఉంటుంది. బడి ఆటల పోటీల్లో చెంచాలో నిమ్మకాయ పెట్టుకుని పరిగెత్తినవాళ్లకు ఈ కీలు కష్టం ఇట్టే అర్థమవుతుంది.

శరీరంలో అన్ని దిక్కులకూ ఇంత ధారాళంగా తిరిగే కీలు ఇంకొకటి లేదు. ఆ స్వేచ్ఛకు ఇచ్చిన మూల్యమే ఈ లోతులేమి. నిమ్మకాయ చెంచాలోంచి పడిపోకుండా ప్రకృతి కొన్ని ఏర్పాట్లు చేసింది. పళ్లెం చుట్టూ లేబ్రమ్ అనే మెత్తటి గట్టు ఉంటుంది. కీలంతటినీ చుట్టి ఒక సంచి ఉంటుంది. వీటన్నిటికన్నా ముఖ్యమైనవి రెక్క ఎముక నుంచి బయల్దేరి చేతి ఎముక తలను నాలుగు వేళ్లలా పట్టుకునే నాలుగు కండరాలు: సుప్రాస్పైనేటస్, ఇన్‌ఫ్రాస్పైనేటస్, టీరిస్ మైనర్, సబ్‌స్కాపులారిస్. ఈ నాలుగింటి నారలు కలిసి ఏర్పడిన పట్టీయే రొటేటర్ కఫ్. డాక్టరు చీటీ మీద ఎక్కువగా కనిపించే మాట అదే. ఆ పట్టీకి పైన ఎముక కప్పు ఒకటుంది, దాని పేరు ఎక్రోమియన్. కప్పుకూ పట్టీకీ మధ్య రాపిడి తగలకుండా బర్సా అనే పల్చటి జిగురు సంచి ఉంటుంది.

చెయ్యి పక్క నుంచి పూర్తిగా తలపైకి లేచినప్పుడు అది 180 డిగ్రీలు తిరుగుతుంది. అందులో సుమారు 120 డిగ్రీలు ఈ కీలు పని, మిగతా 60 డిగ్రీలు వీపు మీద జారే రెక్క ఎముక పని. భుజం నొప్పికి వెళితే ఫిజియోథెరపిస్టు వీపు కండరాలకు వ్యాయామం చెప్పడం చూసి కొందరు ఆశ్చర్యపోతారు. కారణం ఈ లెక్కలోనే ఉంది.

గూడ జారితే

బండి మీద నుంచి పడి చెయ్యి ఆనించుకున్నప్పుడో, కబడ్డీలో కూతకొచ్చినవాణ్ణి పట్టుకోబోయినప్పుడో గూడ జారుతుంది. నూటికి తొంభైకి పైగా సందర్భాల్లో ఎముక తల ముందుకే జారుతుంది. భుజం గుండ్రదనం పోయి పలకబారుతుంది, మనిషి రెండో చేత్తో ఆ చేతిని పట్టుకుని కదలనివ్వడు. వెనక్కి జారడం అరుదు. ఫిట్స్ వచ్చిన తర్వాతా, కరెంటు షాకు తగిలిన తర్వాతా అది జరుగుతుంది. ఒక్క కోణంలోనే తీసిన ఎక్స్-రేలో అది కనబడకుండా పోవచ్చు. ఫిట్స్ తగ్గాక రోగి అరచెయ్యి పైకి తిప్పలేకపోతున్నాడంటే ఇంట్లోవాళ్లు ఆ మాట డాక్టరుకు తప్పకుండా చెప్పాలి.

గూడ ఎక్కించడం చాలా పాత విద్య. సుశ్రుతుడు చంక కింద రోకలి పెట్టి పైకెత్తమన్నాడు, కీలు చోటులో కూర్చున్నాక స్వస్తికాకారంలో కట్టు కట్టమన్నాడు. గ్రీకు వైద్యుడు హిప్పోక్రాటీస్ రోగి చంకలో మడమ ఆనించి చెయ్యి లాగే పద్ధతి రాశాడు. పదేపదే జారే భుజానికైతే కాల్చిన ఇనుముతో చంకలో వాతలు పెట్టమన్నాడు. కాలిన చోట పుట్టే మచ్చ బిగుసుకుని కీలును పట్టి ఉంచుతుందన్నది ఆయన ఆలోచన. స్విట్జర్లాండ్ సర్జన్ ఎమిల్ థియోడర్ కోహెర్ 1870లో చేతిని మెలితిప్పి ఎక్కించే పద్ధతిని వివరించాడు. థైరాయిడ్ మీద చేసిన కృషికి 1909లో నోబెల్ అందుకున్న కోహెర్ ఈయనే. ఇప్పటి పద్ధతులు చాలా నెమ్మదైనవి. 2003లో ఆస్ట్రేలియా వైద్యుడు నీల్ కన్నింగ్‌హామ్ ప్రచురించిన పద్ధతిలో రోగిని నిటారుగా కూర్చోబెట్టి, భుజం చుట్టూ బిగుసుకున్న కండరాలను మర్దనా చేస్తూ వాటంతట అవే సడలేలా చేస్తారు. లాగడం దాదాపుగా ఉండదు.

ఇవన్నీ చదివి ఇంట్లో ప్రయత్నిస్తే మాత్రం అనర్థం. ఎముక చిట్లి ఉండవచ్చు, చంకలోంచి పోయే నరమో రక్తనాళమో నలిగి ఉండవచ్చు. అందుకే ఎక్కించక ముందూ తర్వాతా ఎక్స్-రే తీస్తారు, భుజం బయటివైపు చర్మం మీద స్పర్శ తెలుస్తోందా అని చూస్తారు. తెలుగు నేల మీద ఎముక విరిగితే గుర్తొచ్చే పేరు తిరుపతి–చెన్నై దారిలోని పుత్తూరు. ఆకు పసరు, గుడ్డు తెల్లసొన, వెదురు బద్దలతో వేసే పుత్తూరు కట్టు కోసం పొరుగు రాష్ట్రాల నుంచీ జనం వస్తారు. విరిగినా చోటు తప్పని ఎముకను కదలకుండా పట్టి ఉంచడంలో కట్టుకు అర్థం ఉంది. జారిన భుజం సంగతి వేరు. అక్కడ కట్టుకన్నా ముందు నరం, నాళం, ఎముక మూడూ చూడాలి. వాచిన చేతికి బిగుతుగా కట్టు కడితే రక్తప్రసరణ ఆగిపోయే ప్రమాదం కూడా ఉంది. ఎవరి దగ్గరికి వెళ్లినా చేతిలో ఎక్స్-రే పెట్టుకునే వెళ్లాలి.

ఒకసారి జారిన గూడ మళ్లీ జారుతుందా అన్నది వయసును బట్టి ఉంటుంది. ఇరవై ఏళ్ల లోపు ఆటగాళ్లలో ఎక్కువమందికి మళ్లీ జారుతుంది. నలభై దాటినవాళ్లలో మళ్లీ జారడం తక్కువే గానీ, జారేటప్పుడు రొటేటర్ కఫ్ చిరిగే భయం ఎక్కువ. గూడ ఎక్కిన మూడు వారాల తర్వాత కూడా చెయ్యి పైకి లేవకపోతే నొప్పి వల్లే అనుకుని ఊరుకోకూడదు, నార తెగిందేమో చూపించుకోవాలి. పదేపదే జారేవాళ్లలో పళ్లెం అంచున ఉండే గట్టు ముందువైపు ఊడి ఉంటుందని బ్రిటిష్ సర్జన్ బ్యాంకార్ట్ 1923లో చూపించాడు. దాన్ని తిరిగి కుట్టే శస్త్రచికిత్సను ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. ఎముక కూడా అరిగిపోయి ఉంటే పక్కనున్న కొక్కెంలాంటి ఎముక ముక్కను తెచ్చి పళ్లెం ముందు అంచుకు బిగిస్తారు. ఫ్రాన్స్‌లోని లియోన్‌లో మిషెల్ లాటార్జే 1954లో వివరించిన పద్ధతి అది.

క్రికెట్ చూసేవాళ్లకు 2021 మార్చి 23 గుర్తుండవచ్చు. పుణెలో ఇంగ్లండ్‌తో వన్డేలో బంతి ఆపబోయి డైవ్ చేసిన శ్రేయస్ అయ్యర్ ఎడమ భుజం చోటు తప్పింది. ఏప్రిల్‌లో శస్త్రచికిత్స జరిగింది, సెప్టెంబరులో ఐపీఎల్ రెండో భాగానికి అతను తిరిగి వచ్చాడు. జట్టు వెంటే ఫిజియోలు ఉండే ఇరవై ఆరేళ్ల క్రీడాకారుడికి అయిదు నెలలకు పైగా పట్టింది. పొలంలో పనిచేసే మనిషికి మూడు వారాల్లో తగ్గిపోవాలని ఆశించడం అన్యాయం.

చిరిగిన నార, తేలని వాదం

అమలాపురం కుర్రాడు, బ్యాడ్మింటన్ ఆటగాడు సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డి 2023 ఏప్రిల్‌లో జపాన్‌లోని సైతామాలో కొట్టిన స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగంతో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. ఏడాది తిరిగేసరికి, 2024 ఏప్రిల్‌లో, అదే సాత్విక్ భుజం గాయంతో ఆసియా చాంపియన్‌షిప్స్‌కు దూరమయ్యాడు. చెయ్యి తలపైకెత్తి బలంగా విసిరే ఆటలన్నిటిలోనూ భుజానికి ఇదే గండం. టెన్నిస్‌లో మరియా షరపోవా 2008 అక్టోబరులో చిరిగిన రొటేటర్ కఫ్‌కు శస్త్రచికిత్స చేయించుకుంది. సర్వీసు తీరు మార్చుకోవలసి వచ్చింది. అయినా 2012లోనూ 2014లోనూ ఫ్రెంచ్ ఓపెన్ గెలిచింది. ఆ భుజం మాత్రం ఆమెను ఆట చివరిదాకా వేధించింది.

ఆటగాళ్లకన్నా ఎక్కువగా ఈ నొప్పితో బాధపడేవాళ్లు నడివయసు దాటిన మామూలు మనుషులు. చెయ్యి పక్క నుంచి పైకెత్తుతుంటే మధ్యలో ఒకచోట కలుక్కుమంటుంది, అది దాటితే కాస్త నయం. ఇక్కడ చాలామంది వినని సంగతి ఒకటుంది. వయసుతో పాటు రొటేటర్ కఫ్ నార పీచుదేలడం, చిరగడం మామూలే. అరవై దాటినవాళ్లకు నొప్పి లేని భుజంలోనూ స్కానింగ్‌లో చిరుగులు కనిపిస్తుంటాయి. ఎమ్మారై రిపోర్టులో ‘టేర్’ అన్న మాట చదివి ఆపరేషన్ తప్పదని బెంబేలెత్తిపోవలసిన పని లేదు. ఆ చిరుగే నొప్పికి కారణమా, పాత చిరుగు ఇప్పుడు కంటబడిందా అన్నది చెయ్యి పట్టి పరీక్షించిన డాక్టరే చెప్పాలి.

ఈ నార కథ చెప్పాలంటే బోస్టన్ సర్జన్ ఎర్నెస్ట్ ఎమరీ కాడ్‌మన్ దగ్గరికి వెళ్లాలి. చిరిగిన సుప్రాస్పైనేటస్‌ను కుట్టిన అనుభవాన్ని 1911లో ప్రచురించినవాడు ఆయన. 1934లో ‘ది షోల్డర్’ అనే పుస్తకం అచ్చువేశాడు, ఫ్రోజెన్ షోల్డర్ అన్న పేరు పెట్టిందీ ఆయనే. ముందుకు వంగి చెయ్యి గడియారపు లోలకంలా వేలాడదీసి ఊపే వ్యాయామాన్ని ఇప్పటికీ కాడ్‌మన్ వ్యాయామం అంటారు. అయితే ఆయన అసలు పోరాటం వేరే. చికిత్స చేసిన ప్రతి రోగినీ ఏడాది తర్వాత మళ్లీ పిలిచి చూడాలనీ, ఫలితం మంచైనా చెడైనా బయటపెట్టాలనీ పట్టుబట్టాడు. పెద్ద ఆసుపత్రి కొలువు వదులుకున్నాడు, సొంతంగా చిన్న ఆసుపత్రి నడిపాడు, తన పొరపాట్లను తానే అచ్చువేసుకున్నాడు. 1915లో ఒక వైద్యుల సభలో తోటివాళ్ల తీరును ఎండగట్టే వ్యంగ్య చిత్రం ప్రదర్శించి అందరికీ దూరమయ్యాడు. 1940లో పోయినప్పుడు ఆయన సమాధికి ఒక రాయి కూడా లేదు. 2014లో గానీ రాయి నిలబెట్టలేదు.

ఏడాది తర్వాత ఏమైందన్న ఆయన ప్రశ్నే భుజం వైద్యాన్ని ఇటీవల తలకిందులు చేసింది. పైనున్న ఎముక కప్పు నారను రాపాడటం వల్లే నొప్పి వస్తుందని అమెరికన్ సర్జన్ చార్లెస్ నీర్ 1972లో రాశాక, ఆ కప్పును కొంచెం చెక్కే ఆపరేషన్ ప్రపంచమంతటా పాకింది. ఇంగ్లండ్‌లోనే 2000లో సుమారు 2,500 జరిగితే 2010 నాటికి 21,000 దాటాయి. చివరికి అక్కడి 32 ఆసుపత్రుల్లో 313 మందిని మూడు గుంపులుగా విడదీశారు. ఒక గుంపుకు నిజంగా ఎముక చెక్కారు. ఒక గుంపుకు కెమెరా పెట్టి చూసి, ఏమీ చెక్కకుండానే కుట్టేశారు. మూడో గుంపుకు ఏ చికిత్సా చేయలేదు. 2018లో లాన్సెట్ పత్రికలో ఫలితం వెలువడింది: చెక్కినవాళ్లకూ ఊరికే చూసి కుట్టేసినవాళ్లకూ తేడా లేదు. ఏమీ చేయనివాళ్లతో పోల్చినా తేడా స్వల్పమే, రోగి గుర్తుపట్టేంత లేదు. అదే ఏడాది ఫిన్లాండ్‌లో జరిగిన మరో పరీక్ష కూడా ఇదే చెప్పింది. 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ నిపుణుల బృందం ఇలాంటి నొప్పికి ఈ ఆపరేషన్ చేయవద్దని గట్టిగా సిఫారసు చేసింది. అయినా ఈ ఆపరేషన్‌ను ముందుకు తెచ్చే చోట్లు ఉన్నాయి. అలాంటి చోట రోగి అడగవలసిన మాట ఒక్కటే: వ్యాయామంతో ముందు మూడు నెలలు చూద్దామా?

ఆ వ్యాయామం సంగతి కూడా కొలిచారు. దెబ్బ తగలకుండా వయసుతో నార పూర్తిగా చిరిగిన 452 మందికి అమెరికాలో ఫిజియోథెరపీ ఇచ్చి చూస్తే, రెండేళ్లలో శస్త్రచికిత్స కోరుకున్నవాళ్లు నూటికి పాతిక మంది కూడా లేరు. 2021లో వెలువడిన బ్రిటన్ పరీక్షలో 708 మంది పాల్గొన్నారు. ఫిజియోథెరపిస్టు ఒక్కసారి కూర్చోబెట్టి బాగా నేర్పి పంపినవాళ్లకూ, ఆరుసార్ల దాకా పిలిచి చేయించినవాళ్లకూ ఏడాది చివర తేడా కనబడలేదు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొద్ది వారాల ఉపశమనమే ఇచ్చింది. ఫిజియోథెరపీ సెంటరు దూరమైన పల్లెవాసికి ఇది మంచి కబురు. సరిగ్గా నేర్చుకుని ఇంట్లో మానకుండా చేస్తే చాలు.

దీనికి ఒక పెద్ద మినహాయింపు ఉంది. కింద పడటం వల్లనో, బరువు ఒక్కసారిగా లాగడం వల్లనో నార తెగి, నిన్నటిదాకా లేచిన చెయ్యి ఇవాళ లేవకపోతే అది ఆగే పని కాదు. వారాలలోపే కుట్టాలి. ఆలస్యమైతే తెగిన కండరం వెనక్కి ముడుచుకుని, క్రమంగా కొవ్వుగా మారిపోతుంది. ఆ తర్వాత కుట్టినా అతకదు.

బిగుసుకున్న భుజం

జపనీయులు దీన్ని ‘గొజూకటా’ అంటారు, యాభై ఏళ్ల భుజం అని అర్థం. సుశ్రుతుడు భుజంలో వాతం చేరి బంధనాలు ఎండి చెయ్యి బిగుసుకుపోవడాన్ని అవబాహుకం అన్నాడు. మన ఇళ్లలో ‘భుజం పట్టేసింది’ అంటారు. నలభై, అరవై ఏళ్ల మధ్యవాళ్లకు, అందులోనూ ఆడవాళ్లకు ఎక్కువగా వస్తుంది. కీలును చుట్టిన సంచి వాచి, దళసరెక్కి, ముడుచుకుపోతుంది. అసలు గుర్తు ఒకటుంది: రోగి తనంతట తాను చెయ్యి తిప్పలేకపోవడమే గాక, ఇంకొకరు పట్టి తిప్పినా అది తిరగదు. మోచెయ్యి పక్కకు ఆనించి ముంజేతిని బయటికి తిప్పబోతే మధ్యలోనే గోడ తగిలినట్టు ఆగిపోతుంది.

తెలుగువాళ్లు దీన్ని పట్టించుకోవడానికి ప్రత్యేక కారణం చక్కెర వ్యాధి. మామూలువాళ్లకన్నా చక్కెర రోగులకు ఈ బిగుసుకుపోవడం సుమారు అయిదు రెట్లు ఎక్కువ. దేశంలో చక్కెర రోగులు 10.1 కోట్ల మంది అని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో అంచనా వేసింది. భుజం పట్టేసిందని వెళ్లినవాళ్లలో కొందరికి చక్కెర ఉన్నట్టు ఆ పరీక్షలోనే మొదటిసారి తెలుస్తుంది. థైరాయిడ్ సమస్యలతోనూ దీనికి లంకె ఉంది. అందువల్ల భుజం బిగిస్తే ఎక్స్-రేతో పాటు రక్తంలో చక్కెర కూడా చూపించుకోవాలి.

ఈ జబ్బు మూడు దశల్లో నడుస్తుంది. మొదటి కొన్ని నెలలు నొప్పి రాజ్యం, రాత్రుళ్లు నిద్ర ఉండదు. తర్వాత నొప్పి తగ్గి బిగువు మిగులుతుంది. చివరికి కొంచెం కొంచెంగా కీలు వదులవుతుంది. మొత్తం ఏడాది నుంచి మూడేళ్ల దాకా పట్టవచ్చు. తగ్గిన భుజానికే మళ్లీ రావడం అరుదు, రెండో భుజానికి రావడం మాత్రం ఉంది. మొదటి దశలో కీలులోకి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ నొప్పిని బాగా తగ్గిస్తుంది. అయితే చక్కెర రోగులకు కొన్ని రోజులపాటు చక్కెర పెరుగుతుంది. ఆ రోజుల్లో తరచుగా పరీక్షించుకోవాలి, ఇంజెక్షన్‌కు ముందే డాక్టరుకు చెప్పుకోవాలి. ఈ దశలో ఎవరో బలవంతాన చెయ్యి పట్టి పైకి లాగడం శుద్ధ క్రూరత్వం. దానివల్ల వాపు పెరుగుతుంది తప్ప కీలు వదలదు.

బ్రిటన్‌లోని 35 ఆసుపత్రుల్లో 503 మందికి మూడు చికిత్సలు ఇచ్చి పోల్చారు: మత్తు ఇచ్చి చెయ్యి తిప్పడం, కీహోల్ పద్ధతిలో సంచిని కోయడం, ఇంజెక్షన్‌తో పాటు ఫిజియోథెరపీ. 2020లో వచ్చిన ఫలితం ప్రకారం ఏడాది చివర ఏదీ మిగతావాటికన్నా చెప్పుకోదగ్గంత మేలు కాదు. కోత లేని చికిత్సతో మొదలుపెట్టడానికి ఇంతకన్నా గట్టి కారణం అక్కర్లేదు.

రాత్రికి రాత్రి మొదలై, చెయ్యి కదపనివ్వకుండా కేకలు పెట్టించే నొప్పి ఇంకొకటి ఉంది. నారలో పేరుకున్న సున్నాన్ని శరీరమే కరిగించుకునే సమయంలో అది వస్తుంది. భయం ఎంత ఎక్కువో ప్రమాదం అంత తక్కువ. ఎక్స్-రేలో తెల్లటి మరకగా కనిపిస్తుంది, చాలాసార్లు తనంతట తానే పోతుంది. తగ్గకపోతే స్కానింగ్‌లో చూస్తూ సూదితో కడిగి తీస్తారు.

ఎముక విరిగినప్పుడు, కీలు మార్చినప్పుడు

స్నానాల గదిలో జారిపడిన పెద్దవాళ్లకు చేతి ఎముక పైభాగం విరుగుతుంది. ఇలా విరిగి చోటు తప్పిన ఎముకకు ప్లేటు వేయడం మేలా, స్లింగ్ మేలా అని బ్రిటన్‌లో 250 మందిని రెండేళ్లు గమనించారు. 2015లో వెలువడిన జవాబు: తేడా లేదు. అన్ని ఫ్రాక్చర్లూ ఒకటి కావు, కీలు కూడా తప్పిన ఫ్రాక్చరు ఈ లెక్కలోకి రాదు. అయినా డెబ్బై ఏళ్ల తల్లికి ఆపరేషన్ అనగానే అప్పు కోసం పరుగెత్తే కొడుకు ఈ ఫలితం తెలుసుకుని ఉండాలి. మెడ కింది జత్రుక ఎముక విరిగినా చాలావరకు స్లింగ్‌తోనే అతుకుతుంది, అతికిన చోట బుడిపె మిగులుతుందంతే. బండి ప్రమాదంలో మెడా భుజమూ చెరో వైపు లాగబడి చేతికి పోయే నరాలే తెగితే మాత్రం చెయ్యి మొత్తం చచ్చుబడుతుంది. నరాల శస్త్రచికిత్సకు మంచి అదను తొలి ఆరు నెలలే.

పూర్తిగా అరిగిన కీలుకు కృత్రిమ కీలు ఉంది. పారిస్‌లో జూల్ పేయాన్ 1893లోనే క్షయ సోకిన ఒక రొట్టెల పనివాడికి ప్లాటినం, గట్టి రబ్బరుతో చేసిన భుజం పెట్టాడు. ఇన్ఫెక్షన్ వల్ల రెండేళ్లకు దాన్ని తీసేయాల్సి వచ్చింది. తొంభై ఏళ్ల తర్వాత ఫ్రాన్స్‌లోని దిజోన్‌లో పాల్ గ్రామోన్ సృష్టినే తిరగేశాడు. గుండు ఉండాల్సిన చోట పళ్లెం, పళ్లెం ఉండాల్సిన చోట గుండు బిగించాడు. రొటేటర్ కఫ్ పూర్తిగా పోయిన పెద్దవాళ్లు పైనున్న డెల్టాయిడ్ కండరం ఒక్కదాని బలంతో మళ్లీ చెయ్యెత్తగలుగుతున్నారంటే అది ఆ తిరగేసిన కీలు చలవే. 1985లో మొదలైన ఆ పద్ధతి ఇప్పుడు హైదరాబాదు, విశాఖ ఆసుపత్రుల్లోనూ ఉంది.

ఇంట్లో నెట్టుకురావడం

దెబ్బ తగిలిన మొదటి రెండు మూడు రోజులు గుడ్డలో చుట్టిన ఐసు ఒక్కోసారి పదిహేను నిమిషాలు పెట్టాలి. మర్దనా వద్దు, వేడి కాపడం వద్దు. బిగుసుకున్న పాత భుజానికైతే వ్యాయామానికి ముందు వేడినీళ్ల కాపడం హాయినిస్తుంది. మందుల షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలు కిడ్నీ జబ్బు, అల్సరు, బీపీ ఉన్నవాళ్లకు ముప్పు తెస్తాయి. పారాసెటమాల్‌తో మొదలుపెట్టి, మిగతావి డాక్టరు చెప్తేనే వాడటం క్షేమం.

నిద్రే పెద్ద సమస్య. వెల్లకిలా పడుకుని, మోచేతి కింద మడిచిన దుప్పటి పెడితే భుజం వెనక్కి వాలదు. పక్కకు పడుకునేవాళ్లు మంచి భుజం మీద పడుకుని, గుండెల దగ్గర ఒక దిండు పెట్టుకుని నొప్పి చేతిని దాని మీద వేయాలి. వాలు కుర్చీలో నిద్రపోయినా తప్పేమీ లేదు. బట్టలకు ఒక సూత్రం గుర్తుంచుకుంటే సగం బాధ తప్పుతుంది: తొడిగేటప్పుడు నొప్పి చెయ్యి ముందు, విప్పేటప్పుడు చివర. జాకెట్టుకు హుక్కులు ముందువైపు పెట్టించుకోవచ్చు. రోజూ వాడే డబ్బాలను నడుము ఎత్తు అరల్లోకి దించుకోవాలి. ఇంట్లోవాళ్లు ఈ చిన్న మార్పులు అడగకముందే చేస్తే ఆ మనిషికి కలిగే ఊరట అంతా ఇంతా కాదు. బయటికి కట్టూ పుండూ కనబడవు కనుక భుజం నొప్పిని నటన అనుకునేవాళ్లు ఉంటారు. కోడలి భుజం నొప్పికైతే ఆ అనుమానం మరీ ఎక్కువ, అది అన్యాయం.

వ్యాయామాలకు ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. కాడ్‌మన్ లోలకం ఒకటి. గోడ మీద వేళ్లతో మెల్లగా పైకి పాకించడం ఒకటి. రెండు చేతుల్తో కర్ర పట్టుకుని మంచి చెయ్యి నొప్పి చేతిని బయటికి నెట్టడం, తువ్వాలు వీపు వెనక పట్టుకుని పైకి లాగడం మరో రెండు. బావి గిలక లాంటిది తలుపు పైన కట్టి తాడు వేసి, మంచి చేత్తో లాగుతూ రెండో చేతిని లేపవచ్చు. క్లినిక్కులో చేయించేదీ అదే. చేసేటప్పుడు కొంచెం నొప్పి ఉండవచ్చు. కాసేపట్లో సద్దుమణిగి, ఆ రాత్రి నిద్ర చెడకపోతే మోతాదు సరిపోయినట్టు. మర్నాటికీ సలుపుతుంటే తగ్గించుకోవాలి. ఒకపూట గంటసేపు చేసి వారం మానేయడం కన్నా రోజుకు మూడుసార్లు అయిదేసి నిమిషాలు చేయడం మేలు. గూడ జారినవాళ్లూ శస్త్రచికిత్స అయినవాళ్లూ మాత్రం ఏ వ్యాయామమైనా సర్జన్ చెప్పిన తేదీ వచ్చాకే మొదలుపెట్టాలి.

కొన్ని నొప్పులు భుజంలో తెలిసినా పుట్టేది అక్కడ కాదు. ఛాతీ బరువు, చెమట, ఆయాసంతో ఎడమ భుజం లాగుతుంటే అది గుండె కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. తిన్న తర్వాత కుడి భుజం వెనక వచ్చే నొప్పి పిత్తాశయంలో రాళ్ల వల్ల కావచ్చు. మెడ తిప్పితే పెరిగి, వేళ్ల దాకా తిమ్మిరెక్కే నొప్పి మెడ నరాలది. పొగ తాగేవాళ్లలో ఎంతకీ తగ్గని భుజం నొప్పికి ఊపిరితిత్తుల పైభాగం చూడాలి. జ్వరంతో కీలు ఎర్రబడి వేడెక్కితే చీము పట్టి ఉండవచ్చు, ఆ రోజే ఆసుపత్రికి చేరాలి.

మిగతా నొప్పుల్లో చాలావాటికి నెలల ఓపిక కావాలి. రోజూ చూసుకునేవాళ్లకు మార్పు తెలియదు, నిరాశ కలుగుతుంది. కనుక మొదటి రోజే గోడ పక్కన నిలబడి, చెయ్యి ఎంతవరకు పాకిందో అక్కడ పెన్సిలుతో గీత గీసి తేదీ వేయండి. నెలకొక గీత చొప్పున పెట్టుకుంటూ పోండి. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఆ గోడను ఫోన్లో ఫోటో తీసి చూపించండి.